మూడు వారాల ప్రాక్టీసుతో బాబ్‌స్లెడ్‌లో ఒలింపిక్ బంగారం ఎలా వచ్చింది?

ప్రశ్న ఇది: 1928 వింటర్ ఒలింపిక్స్‌లో గెలిచిన అమెరికా బాబ్‌స్లెడ్ జట్టులో ముగ్గురు పేపర్లో ప్రకటన చూసి వచ్చినవాళ్లట, మూడు వారాల ప్రాక్టీసుతో బంగారు పతకం కొట్టారట. నిజమేనా? నిజమైతే అప్పట్లో అది అసలు ఆటేనా, లేక డబ్బున్నవాళ్ల కాలక్షేపమా? ఎవరు పోటీ పడేవాళ్లు?

నిజమేనండి. ప్రకటన సంగతీ నిజమే, మూడు వారాల సంగతీ నిజమే. కానీ అక్కడ ఆగిపోతే ఆ మనుషులకి అన్యాయం జరుగుతుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నేను మెకానికల్ ఇంజనీర్ని. న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ దగ్గర చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇక్కడి నుంచి కారులో రెండున్నర గంటలు పోతే లేక్ ప్లాసిడ్. బాబ్‌స్లెడ్ అంటే జట్టంతా ఎక్కి ఐసు బాట మీద జారుతూ కొండ దిగే చక్రాల్లేని బండి, ఆ బాటని బాబ్ రన్ అంటారు. అక్కడి బాబ్ రన్ దగ్గర కొన్ని చలికాలాలు వాలంటీరుగా పనిచేశాను. రన్‌లో రాలిన మంచు ఊడవడం, మలుపు దగ్గర నిలబడి స్లెడ్ దాటిందని రేడియోలో చెప్పడం, ఇలాంటి చిన్న పనులే. పాత పైలట్లు, అంటే ముందు కూర్చుని స్లెడ్డుని తిప్పేవాళ్లు, మాట్లాడుకుంటుంటే విన్నాను, తొలినాటి చరిత్ర ఆసక్తితో చదువుకున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఒక మాట. మనం తెలుగులో స్నోని, ఐసుని రెంటినీ మంచు అనేస్తాం. ఇక్కడ ఆ తేడా ముఖ్యం. ఆకాశం నుంచి పడే మెత్తటి మంచు స్లెడ్డుకి అడ్డు. గట్టిగా అద్దంలా ఉండే ఐసు మీదే అది జారుతుంది. అందుకే ఈ రెండు మాటల్నీ విడిగానే వాడతాను.

ఈ ఆట పుట్టిన చోటు స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్. 19వ శతాబ్దం చివర అక్కడ బద్రుట్ కుటుంబం హోటళ్లు నడిపేది. చలికాలంలో కూడా అతిథుల్ని రప్పించాలన్నది వాళ్ల ఆలోచన. ఇంగ్లండ్ నుంచి వచ్చి నెలల తరబడి ఉండిపోయే అతిథులకి పొద్దు గడవాలి కదా, ఊళ్లో సామాన్లు లాగే చిన్న స్లెడ్డులు తీసుకుని వీధుల్లోనే జారడం మొదలుపెట్టారు. వాలు వీధులు, ఇరుకు మలుపులు, దారిన పోయే మనుషులు. ఊరివాళ్లు గగ్గోలు పెట్టారు. దాంతో స్లెడ్డుల కోసం వేరే బాట వేయాల్సి వచ్చింది. 1884-85 చలికాలంలో క్రెస్టా రన్ అలా పుట్టింది. అది ఒక్కొక్కరు బోర్లా పడుకుని, తల ముందుకు పెట్టి జారే బాట. 1880ల చివర్లో విల్సన్ స్మిత్ అనే ఇంగ్లీషాయన రెండు స్లెడ్డుల్ని ఒక పలకతో కలిపి, నలుగురైదుగురు ఎక్కేలా చేశాడు. సెయింట్ మోరిట్జ్ నుంచి దిగువన ఉన్న సెలెరీనాకి దాని మీద దిగేవాళ్లు. ముందు స్లెడ్డుని తిప్పుతారు, వెనక స్లెడ్డు దాన్ని అనుసరిస్తుంది. ఇప్పటి బాబ్‌స్లెడ్ కింద కూడా ఇదే ఏర్పాటు ఉంటుంది: ముందు రెండు రన్నర్లు తిరుగుతాయి, వెనక రెండు స్థిరంగా ఉంటాయి. రన్నర్లంటే స్లెడ్ కింద ఐసుని తాకే ఉక్కు పట్టీలు.

వేగం పెరగడానికి జట్టంతా ఒక్కసారిగా ముందుకీ వెనక్కీ ఊగేవాళ్లు. అలా ఊగడాన్ని ఇంగ్లీషులో బాబ్ అంటారు, పేరు అక్కడి నుంచే వచ్చింది. ఊగితే వేగం పెరుగుతుందా అంటే పెద్దగా పెరగదు. ఆ సంగతి త్వరలోనే తెలిసింది, పేరు మాత్రం ఉండిపోయింది.

1897లో సెయింట్ మోరిట్జ్‌లో బాబ్ క్లబ్బు పెట్టారు. 1904 జనవరి 1న బాబ్ కోసమే కట్టిన రన్ తెరిచారు. అది ఇప్పటికీ ఉంది, సుమారు 1,722 మీటర్ల పొడవు, 130 మీటర్ల దిగుడు. సిమెంటు లేదు, కూలింగ్ పైపులు లేవు. ప్రతి ఏడూ చలి మొదలవగానే మంచూ నీళ్లూ కలిపి చేత్తో మలిచి కడతారు, ఎండలు వచ్చాక కరిగిపోతుంది. ఆ పని చేసేవాళ్లు ఇటలీలోని దక్షిణ టిరోల్ ప్రాంతం నుంచి ఏటా వస్తారు. అక్కడ రేసు చేసిన రాజకుమారుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, రన్ కట్టిన పనివాళ్ల పేర్లు లేవు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఐసు గోడ వంపు రెండు అంగుళాలు తేడా వస్తే స్లెడ్ ఎక్కడికి పోతుందో రన్ దగ్గర పనిచేసినవాళ్లకి తెలుసు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. తొలి రోజుల్లో ఐదుగురి జట్టులో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలని సెయింట్ మోరిట్జ్‌లో నియమం ఉండేది. ఆడా మగా కలిసి రేసు చేసేవాళ్లు. తర్వాత దశాబ్దాల్లో ఆడవాళ్లని మెల్లగా బయటికి నెట్టేశారు. ఆ సంగతి కింద చెబుతాను.

ఒలింపిక్స్‌లోకి బాబ్‌స్లెడ్ 1924లో, ఫ్రాన్సులోని షమోనీ క్రీడలతో వచ్చింది. అంతకు కొన్ని వారాల ముందే, 1923 నవంబరులో, పారిస్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. నియమాలు ఇంకా కుదురుకోలేదు, జట్టులో నలుగురు ఉండొచ్చు, ఐదుగురూ ఉండొచ్చు. స్విట్జర్లాండు గెలిచింది. పైలట్ ఎడ్వర్డ్ షెరర్, మిగతావాళ్లలో ఆల్ఫ్రెడ్, హెన్రిక్ ష్లాపీలు. బ్రిటన్ రెండో స్థానం, బెల్జియం మూడు.

ఇక మీరు అడిగిన 1928. వేదిక సెయింట్ మోరిట్జే, ఆట పుట్టిన ఊరే. నియమం ప్రకారం జట్టుకి ఐదుగురు. అమెరికా రెండు జట్లు దింపాలనుకుంది, అంటే పదిమంది కావాలి. అమెరికా నుంచి ఓడ మీద మనుషుల్ని పంపే ఆనవాయితీ ఈ ఆటకి అప్పటికి లేదు. యూరప్‌లో ఉంటున్న అమెరికన్లలోనే వెతికారు. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక పారిస్ ఎడిషన్‌లో ప్రకటన వేశారు. నియాన్ టక్కర్, జెఫ్రీ మేసన్, రిచర్డ్ పార్క్ అనే ముగ్గురు దాన్ని చూసి వచ్చారు. మేసన్ అప్పుడు జర్మనీలో చదువుకుంటున్నాడు. బౌడిన్ కాలేజీ పట్టభద్రుడు, ఆటల్లో చురుకైనవాడు, కానీ బాబ్‌స్లెడ్ ఎన్నడూ ఎక్కలేదు. వాళ్లతో పాటు క్లిఫర్డ్ గ్రే.

ఈ గ్రే గురించి చిన్న పిట్టకథ ఉంది. లండన్‌లో పాటలు రాసే క్లిఫర్డ్ గ్రే అనే ప్రసిద్ధుడు ఒకాయన ఉండేవాడు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా. ఆయనా ఈయనా ఒకరేనని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు. పాటల రచయిత ఎవరికీ చెప్పకుండా రెండు ఒలింపిక్ బంగారాలు గెలిచాడని చదువుకోవడానికి బాగానే ఉండేది. చివరికి తేలింది ఏమిటంటే ఇద్దరూ వేరు, బాబ్‌స్లెడ్ గ్రే అమెరికనే. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఆ పాత కథ కనిపిస్తుంది, నమ్మకండి.

ఐదోవాడు పైలట్, బిల్లీ ఫిస్క్. వయసు 16. అమెరికన్ బ్యాంకర్ కొడుకు, చదువూ పెరుగుదలా ఎక్కువగా యూరప్‌లోనే. మీ ప్రశ్నకి సమాధానం ఇతని దగ్గర ఉంది. ప్రకటన చూసి వచ్చిన ముగ్గురూ కొత్తవాళ్లే గానీ, స్లెడ్ తిప్పినవాడు కొత్తవాడు కాడు. సెయింట్ మోరిట్జ్ రన్ అతనికి బాగా తెలుసు.

మూడు వారాలు ఎలా సరిపోయాయో అర్థం కావాలంటే అప్పటి రేసుకీ ఇప్పటి రేసుకీ తేడా చూడాలి. ఇప్పుడు మొదటి 50 మీటర్లు నలుగురూ స్లెడ్డుని తోస్తూ పరుగెత్తుతారు. ఆ ఐదారు సెకన్లలో రేసు సగం తేలిపోతుంది. అందుకే ఇప్పుడు జట్లలో పరుగుపందేల నుంచి వచ్చినవాళ్లు, బరువులెత్తేవాళ్లు ఉంటారు. ఆ తోపుకి ఏళ్ల తరబడి కండ పెంచాలి, అడుగులో అడుగు కలవాలి. 1928లో తోపుకి అంత విలువ లేదు. ఐదుగురూ స్లెడ్ మీద బోర్లా, తల ముందుకు పెట్టి, ఒకరి మీద ఒకరు ఒరిగి పడుకునేవాళ్లు. తర్వాత అంతా భూమ్యాకర్షణే. లాగే శక్తి అందరికీ ఒకటే, కాబట్టి గెలుపు రెండింటి మీద ఆధారపడుతుంది: బరువు, దారి.

బరువు సంగతి మన ఘాట్ రోడ్డు ఎక్కి దిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. నిండు లారీ, ఖాళీ లారీ ఒకే వాలులో న్యూట్రల్‌లో వదిలితే నిండు లారీ ముందు పోతుంది. గాలి రెంటినీ దాదాపు ఒకే బలంతో అడ్డుకుంటుంది, బరువైనదాన్ని ఆపడం దానికి కష్టం. ఐదుగురు దిట్టమైన మనుషులు కదలకుండా పడుకుంటే సగం పని అయిపోయినట్టే. అందుకు మూడు వారాలు చాలు. ఈ బరువు సూత్రాన్ని చివరికంటా లాగింది 1952 ఓస్లో ఒలింపిక్స్‌లో ఆండ్రియాస్ ఓస్ట్లర్ జర్మన్ జట్టు. నలుగురి బరువు కలిపి 472 కిలోలు. రెండు బంగారాలూ వాళ్లే తీసుకుపోయారు. దాని ఫలితంగానే స్లెడ్డూ మనుషులూ కలిపి ఇంతకి మించకూడదని పరిమితి వచ్చింది.

దారి సంగతి పైలట్‌ది, అది మూడు వారాల్లో రాదు. మలుపులో ఐసు గోడ మీదికి స్లెడ్ ఎక్కుతుంది. మరీ ఎత్తుకి ఎక్కితే దూరం పెరుగుతుంది, పైగా బయటికి ఎగిరిపోయే ప్రమాదం. మరీ కిందుగా పోవాలని తిప్పితే రన్నర్లు అడ్డంగా జారి ఐసుని గీరుతాయి, వేగం చస్తుంది. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ వదిలేయాలో, మలుపు నుంచి బయటపడేటప్పుడు తర్వాతి మలుపుకి ఏ వైపు ఉండాలో మనసులో ముందే ఉండాలి. మంచి పైలట్ చేతులు దాదాపు కదలవు. నేను మలుపు దగ్గర నిలబడి చూసినన్నాళ్లూ గమనించింది ఇదే: కళ్లు మూసుకుని విన్నా పైలట్ ఎవరో కొంత తెలుస్తుంది. కొత్తవాడి స్లెడ్ ఐసుని కరకరలాడించుకుంటూ పోతుంది, పాతవాడిది గాలి చప్పుడుతో దాటిపోతుంది. ఫిస్క్‌కి ఆ చేయి పుట్టుకతో వచ్చిందని అప్పట్లో చూసినవాళ్లు అనుకునేవాళ్లు. 1930ల్లో క్రెస్టా రన్ మీద ఒంటరిగా దిగి అతను గెలిచిన కప్పులు చూస్తే అది వట్టి పొగడ్త కాదని తెలుస్తుంది. అక్కడ వెనక బరువు వేయడానికి వేరే ఎవరూ ఉండరు.

అదృష్టం లేదా? కొంత ఉంది. ఆ ఏడాది క్రీడల మధ్యలో వెచ్చటి గాలి వీచి సెయింట్ మోరిట్జ్ అంతా కరిగింది. 10,000 మీటర్ల స్పీడ్ స్కేటింగ్‌ని మధ్యలోనే రద్దు చేశారు. బాబ్‌స్లెడ్‌లో ప్రతి జట్టుకి నాలుగు రన్లు, అంటే నాలుగుసార్లు దిగడం, జరగాల్సింది, రెండింటితో సరిపెట్టారు. ఫిస్క్ జట్టు మొత్తం సమయం 3 నిమిషాల 20.5 సెకన్లు. రెండో స్థానం అమెరికా ఇంకో జట్టుదే, పైలట్ జెనిసన్ హీటన్, తేడా అర సెకను. నాలుగు రన్లు జరిగుంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. హీటన్ అదే క్రీడల్లో స్కెలిటన్ (ఒక్కరే బోర్లా పడుకుని తల ముందుకు పెట్టి జారే స్లెడ్ ఆట) బంగారం గెలిచాడు, అతని తమ్ముడు జాన్ దానిలో రెండోవాడు. హీటన్ జట్టులో ఉన్న థామస్ డో వయసు 15. మూడో స్థానం జర్మనీ పైలట్ హాన్స్ కిలియన్‌ది. నాలుగూ ఐదూ అర్జెంటీనా. మెక్సికో జట్టు కూడా దిగి పదకొండో స్థానంలో నిలిచింది. 1988లో జమైకా వాళ్లు వచ్చినప్పుడు వేడి దేశం నుంచి బాబ్‌స్లెడ్డా అని లోకమంతా ఆశ్చర్యపోయింది గానీ, ఈ సంగతి అరవై ఏళ్ల ముందే మొదలైంది.

మేసన్ ఆ తర్వాత మళ్లీ బాబ్‌స్లెడ్ ఎక్కలేదు. మూడు వారాల జీవితం, ఒక బంగారు పతకం, అంతే. ఫిస్క్‌కి మాత్రం పురుషుల వింటర్ క్రీడల్లో అతి చిన్న వయసు విజేత అన్న రికార్డు 1992 దాకా నిలిచింది. ఫిన్లాండ్ స్కీ జంపర్ టోనీ నీమినెన్ దాన్ని ఒక్క రోజు తేడాతో దాటాడు.

డబ్బున్నవాళ్ల కాలక్షేపమా అన్న రెండో ప్రశ్నకి 1932 లేక్ ప్లాసిడ్ మంచి సమాధానం. ఇది నాకు దగ్గరి ఊరు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

క్రీడల్ని ఈ చిన్న ఊరికి తెచ్చినాయన గాడ్‌ఫ్రీ డ్యూయీ. తండ్రి మెల్విల్ డ్యూయీ. మన లైబ్రరీల్లో పుస్తకాల వెన్ను మీద ఉండే అంకెలు, డ్యూయీ దశాంశ వర్గీకరణ, ఆయనదే. ఆయన పెట్టిన లేక్ ప్లాసిడ్ క్లబ్బులో యూదుల్ని, నల్లవాళ్లని చేర్చుకునేవాళ్లు కాదు. ఊరి చరిత్ర చెప్పేటప్పుడు ఇది దాటేయడం నాకు ఇష్టం ఉండదు. బాబ్ రన్ కట్టాలంటే ముందు ప్రభుత్వ అడవిలో చోటు చూశారు. సుమారు రెండున్నర వేల చెట్లు కొట్టాలి. ఆ అడవిని ఎప్పటికీ అడవిగానే ఉంచాలని న్యూయార్క్ రాష్ట్ర రాజ్యాంగంలో ఉంది. పర్యావరణ సంఘం కోర్టుకెళ్లింది, 1930లో గెలిచింది. దాంతో క్లబ్బు సొంత భూమిలోని కొండ మీద కట్టారు. ఇప్పుడు దాని పేరు మౌంట్ వాన్ హోవెన్‌బర్గ్. స్టానిస్లావుస్ జెంట్‌జిట్‌స్కీ అనే జర్మన్ నిపుణుడు గీసిన రన్, మైలున్నర పొడవు, 26 మలుపులు.

రన్ కట్టే పనిలో పాలుపంచుకున్న స్థానిక సివిల్ ఇంజనీరు హెన్రీ హాంబర్గర్ తనే మంచి పైలట్ అయ్యాడు. పక్క ఊరు సారనాక్ లేక్ నుంచి ఆయన జట్టు, పేరు రెడ్ డెవిల్స్. ప్రతి గోడా ఎలా కట్టారో తెలిసిన మనిషి మరి. రాష్ట్ర గవర్నరు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ క్రీడల్ని ప్రారంభించాడు, ఆయన భార్య ఎలినోర్ రూజ్‌వెల్ట్ హాంబర్గర్ నడిపిన స్లెడ్ ఎక్కి కొండ దిగింది. నలుగురి రేసులో హాంబర్గరే గెలుస్తాడని ఊళ్లో చాలామంది ఆశ. అప్పుడు యూరప్ నుంచి బిల్లీ ఫిస్క్ వచ్చాడు, ఊరివాళ్ల లెక్కలో హోటల్ బాపతు మనిషి. అతని స్లెడ్ మీద గ్రే, జే ఓబ్రయన్, ఎడ్డీ ఈగన్.

ఓబ్రయన్ వయసు 48. న్యూయార్క్ సొసైటీలో పేరున్నవాడు, జూదరి, సినిమా నటిని పెళ్లాడి విడిపోయినవాడు, 1928లో హీటన్ స్లెడ్ మీద వెండి గెలిచినవాడు. ఈగన్ కథ ఇంకా వింత. డెన్వర్‌లో పుట్టాడు, యేల్, హార్వర్డ్, ఆక్స్‌ఫర్డుల్లో చదివి లాయరయ్యాడు. 1920 యాంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ లైట్ హెవీవెయిట్ బంగారం గెలిచాడు. క్రీడలకి కొద్ది వారాల ముందు ఓబ్రయన్ పిలిస్తే వచ్చాడు, అంతకుముందు ఈ ఆట ఎరగడు. వేసవి, శీతాకాల ఒలింపిక్స్ రెంటిలోనూ వేర్వేరు ఆటల్లో బంగారం గెలిచిన ఏకైక వ్యక్తి ఇప్పటికీ ఆయనే.

రేసుకి ముందే ఊరు వణికింది. ప్రాక్టీసులో జర్మన్ స్లెడ్ ఒకటి షేడీ అనే మలుపు దగ్గర అదుపు తప్పి రన్ దాటి ఎగిరిపోయింది. ఫ్రిట్జ్ గ్రావ్, ఆల్బర్ట్ బ్రెమె తీవ్రంగా గాయపడ్డారు. గాయపడ్డవాళ్ల స్థానంలోకి అమెరికాలో ఉంటున్న జర్మన్లని వెతికి తెచ్చుకున్నారు. తర్వాత మంచు తుఫాను. నలుగురి రేసు ముగింపు వేడుక అయ్యాక గానీ జరగలేదు, ఫిబ్రవరి 14, 15 తేదీల్లో. ఫిస్క్ జట్టు గెలిచింది, రెండు సెకన్ల వెనక హాంబర్గర్ జట్టు. 1928 విజయం గాలివాటం అనుకున్నవాళ్లకి ఇదే జవాబు: కొండ వేరు, దేశం వేరు, వెనక కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు వేరు, పైలట్ మాత్రం అతనే, ఈసారి నాలుగు రన్లూ జరిగాయి.

ఆ ఏడాదే మొదటిసారి పెట్టిన ఇద్దరి రేసు మాత్రం ఊరివాళ్లదే. హ్యూబర్ట్, కర్టిస్ స్టీవెన్స్ అన్నదమ్ములు లేక్ ప్లాసిడ్ వాళ్లు, వాళ్ల కుటుంబం ఊళ్లో స్టీవెన్స్ హౌస్ అనే హోటల్ నడిపేది. ఇంకో సోదరుడు పాల్ హాంబర్గర్ స్లెడ్ మీద వెండి గెలిచాడు. హ్యూబర్ట్, కర్టిస్‌లు రన్‌కి ముందు స్లెడ్ రన్నర్లని వెల్డింగు మంటతో ఇరవై నిమిషాలకి పైగా కాల్చారు. వేడి ఉక్కు కింద ఐసు పలచగా కరిగి నీటి పొర ఏర్పడుతుంది, దాని మీద స్లెడ్ ఇంకా తేలిగ్గా జారుతుంది. అప్పటికి దాన్ని అడ్డుకునే నియమం లేదు. స్విస్ జంట రేటో కపడ్రుట్, ఆస్కార్ గైయర్‌ల మీద సుమారు ఒకటిన్నర సెకన్ల తేడాతో గెలిచారు. ఇప్పుడైతే రేసుకి ముందు రన్నర్ల వేడి కొలుస్తారు. బయట పెట్టిన నమూనా రన్నరు కంటే 4 డిగ్రీలు మించితే జట్టుని తీసేస్తారు.

అంటే ఒకే కొండ మీద ఒకే వారంలో రెండు రకాల మనుషులు. ఒక వైపు హోటల్ అతిథులు, ఇంకో వైపు ఆ హోటళ్లు నడిపేవాళ్లు, రన్ కట్టినవాళ్లు. తొలినాటి బాబ్‌స్లెడ్ అంటే సంపన్నుల ఫొటోలే ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే కెమెరాలు వాళ్ల చుట్టూనే తిరిగేవి. 1936లో జర్మనీలోని గార్మిష్ ఒలింపిక్స్‌లో ఇద్దరి రేసు బంగారం గెలిచిన ఐవన్ బ్రౌన్, అలన్ వాష్‌బాండ్‌లు కూడా ఈ కొండల మధ్య కీన్ వ్యాలీ అనే పల్లె మనుషులే. రోజూ దిగడానికి కొండ దగ్గర ఉండటం అన్నిటికంటే పెద్ద ఆస్తి. డబ్బున్నవాళ్లు అది ఖర్చుపెట్టి సంపాదించుకున్నారు, ఊరివాళ్లకి అది పుట్టుకతో దొరికింది.

ఆడవాళ్ల సంగతి చెబుతానన్నాను. గాడ్‌ఫ్రీ డ్యూయీ కూతురు క్యాథరిన్ డ్యూయీ 1940లో అమెరికా జాతీయ నలుగురి పోటీలో పైలట్‌గా దిగి, మగవాళ్ల స్లెడ్డుల్ని ఓడించి గెలిచింది. దాని తర్వాత జరిగింది ఏమిటంటే, ఈ పోటీల్లోకి ఆడవాళ్లు రాకూడదని నిషేధం పెట్టారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. ఓడిపోయినందుకు నియమం మార్చేశారు. ఒలింపిక్స్‌లో మహిళల బాబ్‌స్లెడ్ రావడానికి 2002 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు గెలిచిన జిల్ బాకెన్, వొనెటా ఫ్లవర్స్ కూడా అమెరికా వాళ్లే. ఫ్లవర్స్ పరుగు, లాంగ్ జంప్ నుంచి వచ్చింది. 1928లో ఫ్లవర్స్ పరుగుకి ఈ ఆటలో పని ఉండేది కాదు, 2002లో మేసన్‌కి చోటు ఉండేది కాదు.

చివరిగా, "కాలక్షేపమా" అన్న మాట గురించి. అప్పట్లో తలకి పెట్టుకున్నది తోలు టోపీనో పలచటి హెల్మెట్టో. బెల్టు లేదు, చుట్టూ గుల్ల లేదు. వెనక కూర్చున్న బ్రేక్‌మ్యాన్ పళ్లున్న ఇనుప బ్రేకుని ఐసులోకి దింపితే స్లెడ్ ఆగుతుంది, కానీ మలుపు మధ్యలో కంగారుపడి దింపితే తిరగబడుతుంది. పైలట్ మీద నమ్మకం తప్ప వేరే రక్షణ లేదు. లేక్ ప్లాసిడ్‌లో స్టీవెన్స్ సోదరులతో పోటాపోటీగా దిగిన రేటో కపడ్రుట్ 1936లో ఇంకో వెండి గెలిచాడు, 1939లో ఇటలీలోని కోర్టినాలో జరిగిన ప్రపంచ పోటీల్లో స్లెడ్ ప్రమాదంలో చనిపోయాడు. నేను ఇక్కడ టూరిస్టులని తీసుకెళ్లే స్లెడ్ ఒకసారి ఎక్కాను. ముందు పైలట్, వెనక బ్రేక్‌మ్యాన్, మధ్యలో మేము, సగం ఎత్తు నుంచే. హెల్మెట్ ఉన్నా, చుట్టూ గుల్ల ఉన్నా రెండో మలుపు దగ్గరే మెడ కిందికి లాగేసి నేల తప్ప ఏమీ కనిపించలేదు, ఆ రాత్రంతా మెడ నొప్పి. మైలున్నర రన్ మీద ఏ ఆచ్ఛాదనా లేకుండా దిగినవాళ్లని కాలక్షేపం చేశారని అనడానికి ఆ తర్వాత నాకు నోరు రాలేదు.

ఫిస్క్ 1936 క్రీడలకి దిగలేదు. 1939లో యుద్ధం మొదలవగానే, అమెరికా ఇంకా తటస్థంగా ఉండగానే, కెనడా వాడినని చెప్పుకుని బ్రిటన్ వైమానిక దళంలో చేరాడు. 601 స్క్వాడ్రన్‌లో హరికేన్ విమానం నడిపాడు. 1940 ఆగస్టు 16న విమానం దెబ్బతింది. కాలుతున్న విమానాన్ని వదిలి దూకకుండా టాంగ్‌మీర్ స్థావరానికి తెచ్చి దింపాడు. మరుసటి రోజు కాలిన గాయాలతో ఆసుపత్రిలో చనిపోయాడు, వయసు 29. సమాధి దగ్గర్లోని బాక్స్‌గ్రోవ్ చర్చి ఆవరణలో ఉంది. లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో 1941 జులై 4న అతని పేరుతో ఒక ఫలకం పెట్టారు, ఇంగ్లండ్ బతకాలని ప్రాణమిచ్చిన అమెరికా పౌరుడు అన్న అర్థంతో దాని మీద రాసి ఉంది.

లేక్ ప్లాసిడ్ వైపు ఎప్పుడైనా వస్తే, కొత్త రన్ చూసి వెళ్లిపోకండి. 1932 నాటి మైలున్నర బాటలో పై అర మైలుని 1930ల్లోనే వాడటం మానేశారు, ఇప్పుడది చెట్ల మధ్య మట్టి గట్టులా మిగిలింది. వేసవిలో వస్తే ఇంకా మంచిది, ఐసు లేనప్పుడే షేడీ మలుపు రాతిగోడ ఎంత ఎత్తో కనిపిస్తుంది. కింద నిలబడి ఒకసారి పైకి చూడండి.